ఇంటి దొంగ లెక్క

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు పెద్దలు. పాపం, వాళ్లకి యాంటీ టీపీఓ టెస్టు తెలీదు. మన ఒంట్లోనే పుట్టి మన థైరాయిడ్‌కే కన్నం వేసే యాంటీబాడీలను, పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లిన కుర్రాడు సాయంత్రానికి పట్టి వాట్సాప్‌లో పెడుతున్నాడు.

దొంగను ఒకసారి పడితే చాలంటాడు డాక్టరు. మేం పండగపండక్కీ పడతాం. మా ఆవిడకి సంక్రాంతికి 412, ఉగాదికి 530, వినాయక చవితికి ‘600 పైన’. అంతకు మించి ఆ యంత్రం కొలవలేదట! మా వదినగారికి 60 మాత్రమే. కానీ వాళ్ల ల్యాబులో 9 దాటితే ఎరుపు, మా ల్యాబులో 34 దాటితే. ఎవరిది ఎన్నింతలో తేలక రెండిళ్ల మధ్యా మాటల్లేవు.

హషిమోటో అనే జపాన్ డాక్టరు 1912లో నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్ ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసి ఈ జబ్బు గురించి రాశాడు. రోగుల రక్తంలో యాంటీబాడీలు దొరికింది 1956లో. మధ్యలో 44 ఏళ్లు జనం ఏ నంబరు చెప్పుకుని బతికారో!

“ఆ నంబరు పెరిగినా తగ్గినా మాత్ర మోతాదు మారదమ్మా, అది థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను చూసి వేసేది” అన్నాడు డాక్టరు. టీఎస్‌హెచ్ కాస్త పెరిగి ఎటూ తేలనప్పుడైతే ఈ టెస్టు పనికొస్తుందట. ఇంగ్లండులో విక్‌హమ్ అనే చోట 20 ఏళ్లు గమనిస్తే, టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏటా నూటికి నలుగురికి థైరాయిడ్ పూర్తిగా మందగించిందట. మా ఆవిడ మూడేళ్లుగా మాత్ర వేసుకుంటూనే ఉంది. ఆ సంగతి గుర్తుచేసినందుకు డాక్టర్ని మార్చేశాం.

ఏ జబ్బూ లేనివాళ్లలోనూ పదిమందిలో ఒకరికి ఇవి ఉంటాయని విని ఆశగా నేనూ చేయించుకున్నాను. అంతా మామూలే. ఇంట్లో నా పరువు పోయింది.

ఆర్నెల్లకు దేవుడు కరుణించాడు. టీఎస్‌హెచ్ పాతాళంలో, థైరాయిడ్ హార్మోను టీ4 ఆకాశంలో, టీపీఓ ఎర్రెర్రగా! మా ఆవిడ తొలిసారి నాకు మంచం మీదకే కాఫీ తెచ్చింది. కొత్త డాక్టరు రిపోర్టు వదిలేసి నా నెత్తి వంక చూశాడు. “జుట్టుకేమైనా వాడుతున్నారా?”

బయోటిన్ అనే విటమిన్ మాత్రలు. కొన్ని యంత్రాలను అవి బోల్తా కొట్టిస్తాయట. ఆపి మూడో రోజు మళ్లీ రక్తమిస్తే అన్నీ మామూలే.

కాఫీ ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను. జుట్టు ఎలాగూ ఊడుతూనే ఉంది.