బస్సును ఇల్లు చేసుకుంటానంటే వద్దనే ముందు, ఒకసారి కాటా వేసి చూడండి

నిన్న ఒక రవాణా కార్యాలయంలో మూడోసారి అదే మాట విన్నాను. "బస్సును ఇల్లుగా మార్చడానికి వీల్లేదండీ. క్యారవాన్ కావాలంటే కంపెనీ చేసి అమ్మేదే కొనుక్కోండి." ఆ ఊరి పేరూ ఆ అధికారి పేరూ రాయను. ఆయన చట్టంలో ఉన్నదే చెప్పారు. నా కోపం ఆయన మీద కాదు, చట్టాన్ని సగం రాసి వదిలేసినవాళ్ల మీద.

మా అమ్మకు 72 ఏళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. కాశీ చూడాలన్నది ఆమె చిరకాల కోరిక. రైలు పెట్టె మెట్లు ఎక్కలేదు, దారిలో దొరికే మరుగుదొడ్లలో కింద కూర్చోలేదు. ఇంట్లో ఉన్నట్టే ఉంటూ మెల్లగా ప్రయాణం చేసే మార్గం కోసం వెతికి, చివరికి ఒక పాత స్కూలు బస్సు బేరం చేశాను. 32 సీట్లది. సీట్లు తీసేసి రెండు మంచాలు, ఒక వంటగట్టు, కమోడ్ ఉన్న చిన్న బాత్రూము పెట్టించాలని నా ఆలోచన. కంపెనీ క్యారవాన్ ధర విన్నాక దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

అడ్డుపడుతున్నది మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. కేరళ నుంచి వెళ్లిన కె. జయ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, కాదంటే రెండూ. మంచం ఒక మార్పు, వంటగట్టు ఒకటి, బాత్రూము ఇంకొకటి. లెక్క మీరే వేసుకోండి.

ఈ కట్టుబాటు అనవసరమని నేను అనడం లేదు. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది ప్రాణాలు పోయాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. టికెట్లు అమ్ముకునే బస్సులో ఇష్టం వచ్చినట్టు బెర్తులు బిగించి, బయటికి వచ్చే దారి మూసేసేవాళ్లను ఎంత కఠినంగా అడ్డుకున్నా తక్కువే. కానీ నలుగురు ఇంటి మనుషులు సొంతంగా వాడుకునే బండినీ దీన్నీ ఒకే గాటన కట్టడం ఏమి న్యాయం?

విచిత్రమేమిటంటే చక్రాల మీది ఇల్లు మన చట్టానికి కొత్తేమీ కాదు. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్‌ను రవాణాయేతర వాహనాల జాబితాలో కేంద్రం 2004లోనే చేర్చింది. మోటారు క్యారవాన్‌కు ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. కూర్చోవడానికి సీట్లు, బల్ల, పడుకునే చోటు, వంట ఏర్పాటు, సామాను పెట్టుకునే వసతి, ఇవన్నీ బండికి గట్టిగా బిగించి ఉండాలని అది నిర్వచిస్తుంది. ఎంత చక్కటి నిర్వచనం! కాకపోతే అది నమూనాను పరీక్షకు పంపి ఆమోదం పొందగలిగే తయారీదారుల కోసం రాసినది. ఒకే ఒక్క పాత బస్సు ఉన్న మనిషి ఏ తలుపు తట్టాలో అందులో లేదు.

భద్రతే ముఖ్యమైతే మొదట అడగాల్సింది బరువు గురించి. మూడు సార్లు తిరిగినా నన్ను ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నేనే బస్సును కాటాకు తీసుకెళ్లాను. ఖాళీగా 4,680 కిలోలు తూగింది. ఆర్‌సీలో మనుషులతో, సామానుతో కలిపిన మొత్తం బరువు పరిమితి 7,490. సీట్లన్నీ తీస్తే 400 కిలోలు తగ్గుతాయని బాడీ కట్టే మేస్త్రీ చెప్పాడు. చెక్కపనికీ మంచాలకూ 600, నీళ్లకు 250, బ్యాటరీలు, ఫ్రిజ్, గ్యాస్ బండ కలిపి మరో 250, నలుగురు మనుషులకూ సామానుకూ 400. ఎంత ఎక్కువగా వేసుకున్నా 5,780 దాటలేదు. పరిమితికి ఇంకా 1,700 కిలోల దూరం. 32 మందితో తిరగడానికి పనికొచ్చిన ఛాసిస్‌కు మా అమ్మ మంచం బరువైపోయిందా?

మొత్తం బరువు సరిపోతే చాలదని కూడా ఆ మేస్త్రీయే చెప్పాడు. నీళ్ల ట్యాంకును వెనక ఇరుసు దాటించి చివర పెడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. వంటగట్టూ బాత్రూమూ ఒకే పక్కన కడితే బండి ఆ పక్కకు వాలుతుంది. పైకప్పు మీద ఏసీ, సోలార్ పలకలు పెంచుకుంటూ పోతే మలుపులో ఊగుతుంది. అందుకే ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయాలి, కుడి ఎడమలు చూడాలి, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే తూయాలి. జాతీయ రహదారి మీద ఎక్కడైనా కనిపించే వేబ్రిడ్జి మీద అరగంటలో తేలే పని ఇది.

ఇక లైసెన్సు సంగతి. నేను బేరం చేసిన బస్సు వరకు చిక్కు లేదు. 7,500 కిలోలకు లోబడినది లైట్ మోటార్ వెహికల్ కిందికే వస్తుంది. ఆ లైసెన్సుతో అంత బరువులోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిక్కంతా పెద్ద బస్సుకే. డ్రైవరు కాక ఆరుగురికి మించి ఎక్కించుకునేలా నిర్మించిన లేదా మార్చిన వాహనం చట్టం దృష్టిలో ఓమ్నిబస్. అది తేలికా భారీనా అని తేల్చడానికి చూసేది మొత్తం బరువు. అది కాకపోతే మోటారు కారు అవుతుంది, అప్పుడు చూసేది ఖాళీ బరువు. 50 మందికి కట్టిన బస్సును నలుగురికి మారిస్తే అది ఏది? ఖాళీ బరువు 9 టన్నులు, మొత్తం బరువు 16 టన్నులు అనుకోండి. ఓమ్నిబస్ అంటే 12 టన్నులు దాటిన భారీ వాహనం. కారు అంటే, ఖాళీ బరువు 7.5 టన్నులకూ 12 టన్నులకూ మధ్య ఉంది కాబట్టి భారీ కాదు, తేలికా కాదు. సొంత వాడకానిది కాబట్టి రవాణా వాహనమూ కాదు. లైసెన్సుల జాబితాలో చిట్టచివర మిగిలే 'ప్రత్యేకంగా పేర్కొన్న వాహనం' అనే గడిలో పడుతుంది. అంత బండిని నడిపేవాడికి ఏ పరీక్ష పెట్టాలో తేల్చకుండా వదిలేస్తే అది రోడ్డు మీద అందరికీ ప్రమాదం. పెద్ద బండికి కష్టమైన పరీక్షే పెట్టండి, సంతోషంగా రాస్తాను.

బ్రిటన్‌లో ఈ లెక్క ఎంత తేటగా ఉందో చూడండి. 1997 నుంచి కారు పరీక్ష పాసైనవాళ్లకు మామూలుగా 3,500 కిలోల వరకు, అది దాటితే 7,500 వరకు సీ1, ఆపైన సీ లైసెన్సు. వ్యానునో బస్సునో ఇల్లుగా మార్చుకున్న మనిషి ఫొటోలతో దరఖాస్తు చేస్తే, అన్నీ సరిపోయినప్పుడు పత్రాల్లో మోటారు క్యారవాన్ అని మార్చే పద్ధతి అక్కడ ఉంది.

ఇక్కడ దారి మూసేయడం వల్ల జరుగుతున్నదేమిటో నాకు ఎదురైన సలహాయే చెబుతుంది. "మంచాలు బిగించుకోండి సార్, ఫిట్‌నెస్ రోజు సీట్లు మళ్లీ పెట్టిస్తాం" అని ఒక షెడ్డులో ఎంతో మామూలుగా అన్నారు. అంటే గ్యాస్ గొట్టం, కరెంటు తీగలు, నీళ్ల ట్యాంకు ఏ అధికారీ ఎన్నడూ చూడడు. ప్రమాదం జరిగితే అనుమతి లేని మార్పు అని బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. అమ్మను అలాంటి బండిలో పడుకోబెట్టలేను.

కొత్త చట్టమేమీ అక్కర్లేదు. నిర్దిష్ట ప్రయోజనం కోసం చేసే మార్పులకు కేంద్రం మినహాయింపు ఇవ్వవచ్చని 52వ సెక్షన్‌లోనే ఒక నిబంధన ఉంది. సొంత వాడకానికి, అద్దెకు తిప్పకుండా, సీట్లు ఆరుకు మించకుండా, ఇరుసుల వారీ తూకం చీటీ, గ్యాస్, విద్యుత్ తనిఖీ, అత్యవసర ద్వారం, ఏడాదికోసారి ఫిట్‌నెస్ షరతులుగా పెట్టి ఆ మినహాయింపు ఇమ్మని అడుగుతూ కేంద్ర రవాణా శాఖకు ఉత్తరం రాశాను. కాటా చీటీ కూడా జత చేశాను.

బస్సు యజమాని సంక్రాంతి వరకు ఆగుతానన్నాడు. ఆ తర్వాత తుక్కు కింద అమ్మేస్తాడట. మీలో ఎవరి దగ్గరైనా పాత బస్సు నుంచి క్యాంపర్ వ్యాన్‌గా మారిన ఆర్‌సీ ఉంటే, అందులో ఖాళీ బరువు, మొత్తం బరువు, సీట్ల సంఖ్య ఎలా రాశారో దయచేసి నాకు చెప్పండి.