జన్యువుల చుట్టరికం, పెదనాన్న చెప్పులు

కరోనాకీ, షుగరువాళ్ళ కాళ్ళ తిమ్మిర్లకీ జన్యువుల్లో చుట్టరికం ఉందని పరిశోధన పత్రాలొస్తున్నాయి. సంతోషం. ఆ చుట్టరికం కలిపినవాళ్ళు ఒక్క పేషెంటు అరికాలైనా చూశారా అని మాత్రం అడక్కండి, అమర్యాద. ఇది కుర్చీలోంచి లేవకుండా చేసే పరిశోధన.

2020 నుంచి ఈ పరిశ్రమ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. అమెరికావాళ్ళకి జియో అని ఒక ఉచిత డేటా గిడ్డంగి ఉంది (మన సిమ్ కాదు). అందులోంచి కరోనా వచ్చిన కొందరి రక్తం వివరాలు దింపుకోవాలి. వాళ్ళ మొహమైనా ఎరగని వేరే షుగరు పేషెంట్ల కాలి నరం వివరాలు దింపుకోవాలి. ఒక్కో గుంపులో తేడాగా పనిచేసే జన్యువులకి ఒక్కోటి చొప్పున రెండు సున్నాలు గీయాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కినచోట ఏ జన్యువులు పడితే అవే చుట్టాలు.

రైల్లో ఎదురెదురు బెర్తుల వాళ్ళ సంగతి మనకి తెలియంది కాదు.

"మీదేవూరండీ?"

"తెనాలి."

"తెనాలా! మా తోడల్లుడి మేనమామది తెనాలే, కొత్తపేట."

"ఎల్లైసీలో చేసేవారా?"

"కాదండీ, కరెంటాఫీసు."

"అరె! మా వదినగారి అన్నయ్యదీ కరెంటాఫీసే!"

ఒంగోలు వచ్చేసరికి ఇద్దరూ బావా బావా అనుకుంటూ పులిహోర పొట్లం పంచుకుంటుంటారు. ఇందులో అబద్ధం ఏదీ లేదు. తెనాలి నిజం, కరెంటాఫీసు నిజం. ఈ పరిశోధనల్లో తరచూ ఆ కరెంటాఫీసు పేరు ఇంటర్‌ల్యూకిన్-6, వాపు కబురు మోసే ప్రోటీను. ఒంట్లో ఎక్కడ వాపు పుట్టినా అది హాజరు. కీళ్ళవాతంలో ఉంటుంది, సెప్సిస్‌లో ఉంటుంది. ఊళ్ళో ఏ పెళ్ళి ఆల్బం తిరగేసినా కనపడే పెద్దమనిషి అన్నమాట. ఆయన రెండు ఆల్బముల్లో ఉన్నాడని రెండిళ్ళవాళ్ళదీ ఒకే గోత్రం అంటే ఎలా?

చివర్లో మందు కూడా కంప్యూటరే చెబుతుంది. ఆ జాబితాల్లో ఒక్కోసారి మైలుతుత్తం తేలుతుంది. అవును, ద్రాక్షతోటలకి కొట్టే మైలుతుత్తమే. "ప్రయోగశాలలో ఇంకా నిర్ధారించాల్సి ఉంది" అని ఒక వాక్యం రాసి మంగళం పాడతారు.

కరోనాకీ షుగరుకీ సంబంధం లేదని నేననడం లేదు. 2021 వేసవిలో కరోనాకి వాడిన స్టిరాయిడ్లకి షుగరు ఆకాశానికెక్కి, బ్లాక్ ఫంగస్‌తో కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని చూశాం. దానికి సున్నాలు గీయక్కర్లేకపోయింది.

మొన్న మా పెదనాన్నని షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అంతకు వారం ముందు ఆయన కాల్లో మేకు దిగింది. ఆయనకి తెలియలేదు. టైల్స్ మీద ఎర్రటి అడుగులు చూసి పెద్దమ్మ కేకపెడితే, "ఎవరిదే ఆ రక్తం?" అన్నాడు. షుగరు ముందు పట్టేది పొడుగాటి నరాలనే కాబట్టి మొదట మొద్దుబారేవి కాలివేళ్ళే. దీన్ని కనిపెట్టడానికి నైలాన్ దారం ముక్క చాలు. కళ్ళు మూసుకోమని, దారం వంగేదాకా అరికాల్లో ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. పది గ్రాముల ఒత్తిడి, రెండు నిమిషాల పని.

గుమ్మం దగ్గర బోర్డు: "చెప్పులు బయట విడువుము". విడిచాం. అంటే పెదనాన్న ఉత్త కాళ్ళతోనే డాక్టరు ముందు కూర్చున్నాడు. చెప్పులు విప్పమని అడిగే శ్రమ కూడా లేదు! బల్ల కింద, డాక్టరు బూట్లకి జానెడు దూరంలో, ఆ మేకు గాయం. డాక్టరు రిపోర్టు చూశాడు, ఫోను చూశాడు, గోడ గడియారం చూశాడు. కిందికి వంగలేదు. ఒక్కసారి! ఒక్కసారి తల దించితే ఏం అరిగిపోయేది? 2023లో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) లెక్క తేల్చింది, దేశంలో షుగరువాళ్ళు పది కోట్ల పైమాటే. ఆ ఇరవై కోట్ల కాళ్ళలో ఎన్ని బల్లల కింద ఇలాగే చీము పట్టి, చివరికి సర్జన్ రంపం కిందికి వెళ్తున్నాయో! ఎవడిక్కావాలి ఇంటర్‌ల్యూకిన్ చుట్టరికం?

కొత్త మాత్ర ఒకటి రాశాడు. బయటికొచ్చాం. పెదనాన్న చెప్పులేసుకుని మెట్లు దిగి, రోడ్డు దాటి, ఆటో ఎక్కాడు. వెనకాల ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"పెద్దాయనా, అవి నా చెప్పులండీ!"

రెండు సైజులు చిన్నవి.