కూరగాయలకూ ఒక ఆకలి మడి కావాలి

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థకు ఏళ్ల తరబడి భాస్వరం వేయని మడి ఒకటి ఉంది. కావాలనే వేయరు, అది ఆకలి మడి అన్నమాట. వరి రకాలను వరుసగా అందులో నాటి, ఆ కరువులోనూ పిలకలు వేసి గింజ పట్టేది ఏదో చూస్తారు. డీఆర్‌ఆర్ ధాన్ 60, 65, 66 తక్కువ భాస్వరంలో నిలబడతాయని ఆ సంస్థ చెప్పగలుగుతోందంటే దాని వెనుక ఇలాంటి పరీక్ష ఉంది. అదే నగరానికి కూరగాయలు పంపే చేవెళ్ల, శంకర్‌పల్లి, వంటిమామిడి రైతులు కొనే టమాటా, వంగ, బెండ విత్తనాలకు మాత్రం అలాంటి పరీక్ష తప్పనిసరి కాదు. అధిక దిగుబడి, కాయ గట్టితనం, రవాణాకు తట్టుకునే గుణం గురించి విత్తన ప్యాకెట్ మీద రాస్తారు. ఎంత ఎరువుకు ఆ దిగుబడి వచ్చిందో రాయరు.

కొత్త కూరగాయ రకాన్ని విడుదల చేసే ముందు అఖిల భారత సమన్వయ పథకం కింద దేశంలో పలుచోట్ల వేసి చూస్తారు. ఆ కేంద్రాల్లో హైదరాబాద్ కూడా ఒకటి. పోటీలో ఉన్న రకాలన్నిటికీ సిఫారసు మోతాదు ఎరువు ఒకేలా వేస్తారు, వేళకు నీరు పెడతారు. చివరికి దిగుబడి తూచి, ఎక్కువ ఇచ్చినదాన్ని పైకి తీస్తారు. పోలిక న్యాయంగా ఉండాలంటే ఇంతకంటే మంచి మార్గం లేదనిపిస్తుంది. అయితే కడుపునిండా ఎరువు పెట్టిన నేలలో జరిగే ఎంపిక, కడుపునిండా పెడితే బాగా కాసే మొక్కనే ఏరుతుంది. సగం ఎరువుతోనే దాదాపు అంత కాయ ఇవ్వగల మొక్క ఆ వరుసల్లో ఉన్నా ఎవరి కంటా పడదు. పూర్తి మోతాదులో అది ఏ నాలుగో స్థానంలోనో నిలిచి పక్కకు పోతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. హరిత విప్లవం తెచ్చిన పొట్టి వరి, పొట్టి గోధుమల్లో పైరు పడిపోకుండా చేసిన ఆ మార్పే నత్రజనిని పీల్చుకునే శక్తిని కూడా తగ్గించిందని 2018లో చైనా, బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. యాభై ఏళ్ల పాటు ఆ లోటు ఎవరికీ పెద్దగా పట్టలేదు, ఎందుకంటే యూరియా దాన్ని కప్పేసింది. కూరగాయల్లో ఎంత పోగొట్టుకున్నామో అడిగినవారే తక్కువ.

నిజానికి అడగవలసింది ముందుగా కూరగాయలనే. పొలంలో వేసిన నత్రజనిలో స్థూలంగా సగమే పంటకు చేరుతుందన్నది ప్రపంచమంతటా తేలిన లెక్క. కూరగాయల్లో చాలావాటి పంటకాలం కురచ, వేర్లు పైపైనే ఉంటాయి, తరచూ తడి ఇవ్వాలి. ఆ తడితోనే నైట్రేట్ రూపంలోని నత్రజని వేరు కిందకు జారిపోతుంది. ఉల్లి సంగతి మరీ దారుణం, దాని వేళ్లు తక్కువ, కొమ్మలు వేయవు, వాటికి నూగు దాదాపు ఉండదు. భాస్వరం కథ వేరు. అది కదలదు. ఎర్ర నేలల్లో ఇనుముకు, నల్లరేగడిలో సున్నానికి అంటుకుని కూర్చుంటుంది. డీఏపీ అనే భాస్వరం ఎరువు బస్తా విప్పి చల్లినా మొదటి పంటకు అందేది చిన్న వాటా, మిగిలినది ఏటికేడు నేలలో పేరుకుంటుంది. దాన్ని తీసుకోవాలంటే వేరు తానే దాని దగ్గరకు వెళ్లాలి. పైపొరలో పరుచుకునే వేళ్లు, పొడవైన వేరునూగు, భాస్వరాన్ని కరిగించే ఆమ్లాలను వదిలే గుణం, వేరుతో కలిసి బతికే శిలీంధ్రాలతో పొత్తు: ఇవన్నీ వంశపారంపర్యంగా వచ్చే లక్షణాలే. అంటే వీటిని ఎంపిక చేయవచ్చు. మనం కాయనే చూస్తున్నాం కాబట్టి వేరు వైపు ఎవరి దృష్టీ పోలేదు.

రైతును తప్పుపట్టడం సులువు. నలభై అయిదు కిలోల యూరియా బస్తా మూడు వందల రూపాయల లోపు దొరుకుతుంటే, తక్కువ ఎరువుతో పండే రకానికి ఎక్కువ పెట్టి ఎందుకు కొంటాడు? రాయితీ భారం ఖజానాది, కాలుష్యం భూగర్భ జలాలది. రైతు లెక్కలో ఆ రెండూ కనబడవు. 2025 వానాకాలంలో తెలంగాణ సహకార సంఘాల ముందు యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడవలసి వచ్చినప్పుడు మాత్రం, చవకగా దొరకడం వేరు, అసలు దొరకడం వేరు అని అందరికీ తెలిసివచ్చింది.

ఎరువు సంగతి, తెగులు సంగతి రెండు వేర్వేరు శాఖల వ్యవహారాలుగా నడుస్తున్నాయి. పొలంలో అవి ఒకటే. నత్రజని ఎక్కువైన ఆకు లేతగా, రసంతో నిండుగా ఉంటుంది. పేనుబంక, తెల్లదోమ దాన్నే వెతుక్కుంటాయి. తెల్లదోమ టమాటాకు ఆకుముడత వైరస్‌ను, బెండకు పల్లాకు తెగులును మోసుకొస్తుంది. అప్పుడు మందు కొడతారు, మందు కొట్టినచోట దోమను తినే పురుగులూ చస్తాయి, మళ్లీ మందు. మెహదీపట్నం రైతుబజారులో కొన్న వంకాయలను ఉప్పునీళ్లలో నానబెట్టే గృహిణి ఆ గొలుసుకు చివరి కొస. తక్కువ ఎరువు చాలే మొక్క, తెగులును తట్టుకునే మొక్క ఒకటే కావాలని నేననడానికి ఇదే కారణం. వ్యాపారపరంగా కూడా ఇదే దారి. ఎరువు మిగులుతుందంటే రైతు విత్తనం కొనడు గానీ, ముడత రాదంటే కొంటాడు. మొదటి గుణాన్ని రెండోదానితో కలిపి ఒకే ప్యాకెట్లో ఇవ్వాలి.

తెగుళ్లను తట్టుకునే రకాల చరిత్ర పాఠాలు మనకు బాగానే ఉన్నాయి, నేర్చుకున్నామా అన్నదే అనుమానం. పల్లాకు తెగులును తట్టుకుంటుందని ఒకప్పుడు దేశమంతా పరుచుకున్న పూసా సావనీ బెండ కొన్నాళ్లకు దానికే లొంగిపోయింది. తర్వాత బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అడవి బెండ నుంచి గుణం తెచ్చి ఇచ్చిన అర్క అనామిక కూడా కాలక్రమంలో ఆ పట్టు పోగొట్టుకుంది. టమాటాలో అడవి జాతి నుంచి వచ్చిన టీవై-2 జన్యువు కొన్ని ఆకుముడత వైరస్‌లను ఆపుతుంది, మరికొన్నిటి ముందు చేతులెత్తేస్తుంది. ఒంటరి జన్యువు ఎప్పుడూ విఫలమవుతుందనీ కాదు. టమాటా మొజాయిక్ వైరస్‌ను టీఎం-2 స్క్వేర్ అనే ఒక్క జన్యువే దశాబ్దాల పాటు కాసింది. 2014-15 ప్రాంతంలో ఇజ్రాయెల్, జోర్డాన్ టమాటాల్లో కనబడిన కొత్త వైరస్ దాన్ని దాటేసింది. ఎప్పుడు దాటుతుందో ముందుగా చెప్పలేం కాబట్టే రెండు మూడు జన్యువుల తాళాలు వేయాలి.

ఆ తాళాలు వేయడం హైదరాబాద్‌కు తెలియని విద్య కాదు. ఇక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఎక్కించి 2008లో మెరుగైన సాంబ మసూరిగా విడుదల చేయించాయి. జన్యుమార్పిడి కాదు, మామూలు సంకరమే. ఏ పిల్ల మొక్కలో మూడూ ఉన్నాయో చిన్న ఆకుముక్కలోని డీఎన్‌ఏ గుర్తులతో పట్టుకున్నారు, అంతే. అన్నం రుచి, సన్న గింజ అలాగే నిలిచాయి. కూరగాయల్లో అర్క రక్షక్ టమాటా ఆకుముడత, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా వచ్చిందంటే అదే ఆలోచన. ఒకటీ అరా ఉదాహరణలతో సరిపెట్టుకోవలసిన పరిస్థితి మాత్రం మారలేదు.

అడవి బంధువుల్లో ఎంత దాగి ఉందో ఉల్లి చెబుతుంది. హిమాలయ ప్రాంతపు అల్లియం రాయ్‌లీ అనే అడవి ఉల్లి నుంచి బూజు తెగులును తట్టుకునే గుణాన్ని డచ్ శాస్త్రవేత్తలు సాగు ఉల్లిలోకి తెచ్చారు. అందుకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది, ఎందుకంటే ఆ గుణంతో పాటు మొక్కను చంపే మరో లక్షణం అంటుకుని వచ్చింది, దాన్ని విడదీయాల్సి వచ్చింది. అదే అడవి ఉల్లి కలిసిన సంకరాల్లో వేరు శిలీంధ్రాల పొత్తుకు బాగా స్పందించే మొక్కలూ కనబడ్డాయి. తెగులు, ఆకలి రెండింటికీ జవాబు ఒకే బంధువర్గంలో ఉందన్నమాట. మన కొండల్లో పుట్టిన మొక్క ఫలితం యూరప్ ఉల్లికి ముందుగా దక్కడం నాకు కొంచెం గుచ్చుకుంటుంది, దాచను.

ఇరవై ఏళ్లు అన్న అంకెను 2021తో పోల్చి చూడాలి. ఆ ఏడు నల్ల తామరపురుగు ఖమ్మం, వరంగల్, గుంటూరు మిరప తోటలను ఒక్క పంటకాలంలో ఊడ్చేసింది. పురుగు వచ్చాక తట్టుకునే రకం కోసం వెతకడం మొదలుపెడితే ఏమవుతుందో రైతులు అప్పుల రూపంలో చూశారు. ముందే సిద్ధం చేసి పెట్టుకోవలసిన సరంజామా ఇది. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ కేంద్రం ఉంది, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలోనే ప్రపంచ కూరగాయల కేంద్రం ప్రాంతీయ కార్యాలయం ఉంది, సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, చుట్టూ విత్తన కంపెనీలు. ఇన్ని ఒక్కచోట ఉన్న నగరాలు దేశంలో అరుదు. కావలసింది ఒక నిబంధన: విడుదలకు వచ్చే ప్రతి కూరగాయ రకాన్నీ పూర్తి మోతాదులో ఒకసారి, సగం మోతాదులో, మందు కొట్టకుండా ఇంకోసారి పండించి, రెండు దిగుబడులూ ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. ఎరువు మరిగిన ప్రయోగ క్షేత్రం భాస్వరం ఆపగానే ఆకలి మడి అయిపోదు, నిల్వ తరగడానికే కొన్నేళ్లు పడుతుంది. కాబట్టి మడిని ఇప్పుడే కేటాయించాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. తక్కువ ఎరువుతో పండే మొక్క గాలి నుంచి భాస్వరం తేదు, నేలను తోడుతుంది. నిజమే. దశాబ్దాల డీఏపీ పేరుకున్న పొలంలో ఆ నిల్వను వాడుకోవడం లాభం. ఏమీ వేయని మెట్ట చెలకలో అదే మొక్క నేలను పిప్పి చేస్తుంది. అందుకే భూసార పరీక్ష లేకుండా ఇలాంటి రకాన్ని అందరికీ ఒకేలా ప్రచారం చేయడాన్ని నేను సమర్థించను.

రకాలు వచ్చేలోగా వేరును మార్చే దారి మరొకటి ఉంది. నేలలో వడలు తెగులు పాతుకుపోయినచోట వంగ కొమ్మను దాని అడవి బంధువైన ఉస్తి వేరు మీద, టమాటాను వంగ వేరు మీద అంటుకట్టి నాటితే మొక్క నిలుస్తుంది. అంటు నారు ఖరీదు గుంతల ప్లాస్టిక్ పళ్లెంలో (ప్రోట్రేలో) పెంచే మామూలు నారుకు ఎన్నో రెట్లు, అందుకే చిన్న రైతు దాని జోలికి పోడు. యూరియా మీద పెట్టే రాయితీలో చిన్న పాయను ఈ నారు మీదకు మళ్లించి, ఆ నారును ఏటా వడలు తెగులుతో టమాటా పోగొట్టుకుని పంట మార్చలేక అదే మడిలో మళ్లీ టమాటా వేస్తున్నవారికి ముందుగా ఇవ్వాలి.