మందిరంలో ముందు వరుస సోఫా గారికి

సోఫా గారికి వందనాలు.

మీరు మా మందిరానికి వచ్చిన రోజు నాకింకా గుర్తే. ఇరుకు ద్వారాన ప్రవేశించమన్నారు ప్రభువు. మీరేమో అందులో పట్టలేదు. అడ్డంగా తిప్పాం, నిలువుగా తిప్పాం, చివరికి తలుపు రెక్కే ఊడదీశాం. ఆ రెక్క ఇప్పటికీ సరిగ్గా పడదు. ప్రార్థన మధ్యలో కిర్రుమన్నప్పుడల్లా ప్రభువు కంటే ముందు మీరే గుర్తొస్తారు.

మాది ఒంగోలు వైపు. 1878 జులై 3న, పెద్ద కరువు వెనకాలే, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లే. ఊళ్లో అరుగు ఎక్కనివ్వని మనుషులు వచ్చి దేవుడి ముందు చాపేసుకుని కూర్చున్నారు. ఆ మనుషుల మునిమనవళ్లం చందాలు వేసుకుని మరీ మిమ్మల్ని కొన్నాం. మాకూ ఓ అరుగు ఉండాలిగా!

మొన్న సెమీ క్రిస్మస్‌కి మీ వైభోగం చూశాను. మీ మీద తెల్ల టర్కీ టవలు, ముందు టీపాయ్, దాని మీద ప్లాస్టిక్ పూలు, జీడిపప్పు ప్లేటు. గెస్టు గారు గంటన్నర ఆలస్యం. ఆయన కోసం కేకు ఆగింది, పిల్లల డాన్సు ఆగింది, ఫ్యాను మాత్రం ఖాళీ సోఫాకి విసురుతూనే ఉంది. మీ పక్కనే చాప మీదున్న ఓ అవ్వ, మోకాళ్ల నొప్పి కదా, లేవడానికి మీ చెయ్యి పట్టుకుంది. ‘అవ్వా, టవలు నలుగుద్ది’ అన్నాడు ఓ సంఘ పెద్ద. ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ల దగ్గర చోటు ఇవ్వొద్దని చెప్పే యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఆ ముందు ఆదివారం చదివింది ఆయనే. గొంతు బాగుంటుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా! గుడ్ ఫ్రైడే ముందు రోజు, పెద్ద గురువారం, ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు ఒకరి పాదాలు ఒకరు కడిగే ఆరాధనలో నాకూ ఓ పళ్లెం ఇచ్చారు. ఇంట్లో సబ్బుతో రుద్దుకొచ్చిన పాదాల మీద చెంబుడు నీళ్లు పోశాను. రాత్రి వాట్సాప్ గ్రూపులో ఫొటోలు వస్తే, వంగింది నేనేనని తెలిసేలా ముఖం పడిందా లేదా అని వెతుక్కున్నాను. పడలేదు. పొద్దుటిదాకా ఒకటే మంట.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పోయిన శనివారం ఎవరూ లేరు కదా అని మీ మీద కూర్చున్నాను. మెత్తగా ఉన్నారు. కాలు మీద కాలు దానంతటదే పడింది. ఇంతలో చీపురు పట్టుకుని అవ్వ వచ్చింది. గభాల్న లేచి, ‘రా అవ్వా, కాసేపు కూర్చో’ అన్నాను.

‘వద్దు నాయనా’ అంది మీ కింద ఊడుస్తూ, ‘దాన్లో కూలబడితే మళ్లీ లేవటం కష్టం.’

ఇట్లు,
వెనక చాప మీద నుంచి మీ వైపే చూసే ఒకడు