మంచం పక్క మనిషికి ముందు కావాల్సింది రాత్రి నిద్ర

పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనను ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి ఇచ్చే కాగితంలో మందులుంటాయి, ఫిజియోథెరపీ ఉంటుంది, ‘రెండు గంటలకోసారి పక్క మార్చాలి’ అని ఉంటుంది. అర్ధరాత్రి లేచి మార్చేదెవరో ఉండదు. మన ఇళ్లలో రాయకుండానే తెలిసిన సంగతి అది. భార్య, ఆమెకు ఓపిక లేకపోతే కోడలు. ఎవరి సమయం ఏ పనికి పోతోందో లెక్కించే 2024 జాతీయ టైమ్ యూజ్ సర్వే ప్రకారం 15-59 ఏళ్లవారిలో ఇంట్లోవాళ్లను చూసుకునే పని చేసింది ఆడవాళ్లలో 41 శాతం, మగవాళ్లలో 21.4 శాతం. పిల్లల పనీ ఆ లెక్కలోనే ఉంది.

ఈమెకు అందరూ చెప్పే సలహా ధ్యానం చేయమని, తనకంటూ కాస్త సమయం పెట్టుకోమని. ఆ సమయం ఎక్కడి నుంచి తేవాలో మాత్రం ఎవరూ చెప్పరు. చివరికి అదీ చిట్టాలో ఇంకో పనవుతుంది, చేయలేకపోతే నొచ్చుకోవడం అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, ఉద్యోగానికే పరిమితం చేసింది. ఇంట్లో జీతం లేకుండా చేసే చాకిరీ ఆ నిర్వచనంలోకి రాదు. పేరేదైనా ఆమెకు కొరవడింది నిద్ర, అందుకే ఊపిరి వ్యాయామాల కంటే ముందు రాత్రి పనుల్ని తగ్గించాలన్నది మా వాదన.

ఒకే చోట ఒత్తిడి పడి ఒంటి మీద పుండ్లు రాకుండా పెట్టిన రెండు గంటల నియమం మామూలు పరుపుకు సరైనదే. మంచి ఫోమ్ పరుపో, పంపుతో గాలి నింపే ఎయిర్ బెడ్డో ఉండి, చర్మం బాగుంటే రాత్రిపూట మూడు, నాలుగు గంటలకు పెంచవచ్చేమో డాక్టర్‌నో నర్సునో అడగాలి. అడిగితే ఒప్పుకోవచ్చు, అడగాలని తెలియదంతే. రోజూ పొద్దున పిరుదుల పై ఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, వ్యవధి మళ్లీ తగ్గించాలి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు కాబట్టి వేడిగా, గట్టిగా తగులుతోందేమో చేత్తో చూడాలి. ఎయిర్ బెడ్ మీద రబ్బరు షీటు, దాని మీద రెండు దుప్పట్లు పరిస్తే దాని ప్రయోజనం చాలావరకు పోతుంది. కరెంటు పోయి పంపు ఆగితే గాలి దిగుతుంది, ఆ రాత్రికి రెండు గంటల లెక్కే.

మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర సాయంత్రం పడుతోందా చూడండి. దాన్ని ఉదయానికి మార్చవచ్చా అని డాక్టర్‌ను అడిగితే రాత్రి బట్టలు మార్చే పని తగ్గవచ్చు. మగవారికైతే రాత్రికి కండోమ్ కాథెటర్ (కండోమ్‌లా బయట తొడిగి మూత్రాన్ని గొట్టంతో సంచిలోకి పంపేది) కుదురుతుందేమో కూడా అడగండి.

నడుము సంగతి. ఒక మనిషి చేతులతో ఎత్తే రోగి బరువుకు అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణులు సూచించిన హద్దు 35 పౌండ్లు, అంటే 16 కిలోలే. కాబట్టి ఎత్తకూడదు, జరపాలి. పాత నూలు దుప్పటి మడిచి భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి, ఇద్దరు చెరో వైపు అంచులు చుట్టి పట్టుకుని ఒకేసారి జరపాలి. పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి పట్టి లాగితే ఆయన భుజం కీలు జారవచ్చు. మంచం ఈమె నడుమెత్తు ఉంటే మంచిది. ఎత్తు మార్చే మంచాలు అద్దెకు దొరుకుతాయి. పని అవగానే కిందికి దించేయాలి.

అటెండెంట్‌ను పెట్టుకునే ఇళ్లు చాలావరకు పగటికే పెడతాయి. డబ్బు ఒక పూటకే సరిపోతే రాత్రికి పెట్టండి, కనీసం వారానికి రెండు రాత్రులు. పగలు పని పంచుకునేవాళ్లు దొరుకుతారు, నిద్రను పంచుకునేవాళ్లు దొరకరు. పరామర్శకు వచ్చేవాళ్లది ఇంకో తంతు: ఆమె చేత టీ పెట్టించుకుని, ‘నీ ఓపికకు దండం తల్లీ’ అని వెళ్లిపోతారు. ‘ఏదైనా సాయం కావాలంటే చెప్పమ్మా’ అన్నవాళ్లతో మొహమాటపడకుండా ‘బుధవారం నాలుగింటి నుంచి ఏడింటి దాకా కూర్చోండి’ అనాలి. మందుల వేళలు, తిండి ఎంత మెత్తగా ఉండాలి, తాగించేటప్పుడు తల ఎంత ఎత్తులో ఉంచాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఒకే పేజీలో రాసి గోడకు అంటిస్తేనే ఆమె గడప దాటగలుగుతుంది.

తన బీపీ మాత్ర మర్చిపోవడం, చిన్నదానికే అరవడం, పక్క మార్చేటప్పుడు చెయ్యి మోటుగా పడటం అలసట హద్దు దాటిందనడానికి గుర్తులు. ‘ఈయన పోతే బాగుండు’ అన్న ఆలోచన కూడా అంతే, అది పాపం కాదు. చచ్చిపోవాలనో, చెయ్యి చేసుకోవాలనో అనిపిస్తే అదే గంటలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం సంరక్షకుల భృతిని ప్రస్తావిస్తుంది. కేరళ ఆశ్వాసకిరణం పథకంలో చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు పెట్టింది. చాలా చిన్న మొత్తమే, కానీ పేరు ఆమెది. ఆంధ్రప్రదేశ్ మంచాన పడ్డవారికి నెలకు 15,000 పింఛను ఇస్తోంది, అది రోగి పేరు మీద. అర్హత ఉన్న ఇల్లు ఆ డబ్బులో రాత్రి అటెండెంట్ ఖర్చును మందుల కంటే వెనక, మిగతా అన్నిటికంటే ముందు తీసి పక్కన పెట్టాలి.