28 ముక్కల బిగినర్ కిట్ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ బిగినర్ కిట్ గారి దివ్య సముఖానికి,

ఒడిశా పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, పాలిమర్ క్లే ముద్దతో నేను చేస్తున్న ఒక్క జత చెవి బుట్టలు తప్ప. మీరూ మీ పెట్టెలో క్షేమంగానే ఉంటారు. బయటికొచ్చి మీరు చేయగలిగిందేమీ లేదని నిన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మరీ తెలుసుకున్నాను.

మీరు మా ఇంటికి వేంచేసిన రోజు నాకింకా గుర్తుంది. "ఆజ్ఞా, ఓటీపీ కుహంతు" అని గుమ్మంలోంచి డెలివరీ కుర్రాడు ఒడియాలో కేకేస్తే, స్టవ్ మీద పాలు వదిలేసి పరిగెత్తుకొచ్చాను. పాలు పొంగిపోయాయి. శుభమే అనుకున్నాను. 499 రూపాయలకి 28 పనిముట్లు! ఒక్కోటి 18 రూపాయలైనా పడలేదని మా ఆయనకి లెక్క కట్టి చూపించాను. "28 ఎందుకే, నీకున్నవి పది వేళ్ళే కదా" అన్నారాయన. ఆ రోజు అది నాకు కుళ్ళుమాటలా వినిపించింది.

నిన్న, చేతికంటిన ముద్ద గోక్కుంటూ, మొదటిసారి తమరిని లెక్కపెట్టాను. రంగురంగుల ప్లాస్టిక్ పుల్లలు 8. చెక్క పుల్లలు 5. చివర గుండు ఉన్న స్టీలు పుల్లలు 4. కుండని లోపల తొలిచే తీగ ఉంగరాలు 2. రోలరు, స్పాంజి, బ్రష్, రెండు పిడుల మధ్య కట్టిన తీగ, తలా ఒకటి. మొత్తం 23. మళ్ళీ లెక్కపెట్టాను, 23. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టారు, 23. "ఐదు కొట్టేసినారే" అన్నారావిడ.

కొట్టెయ్యలేదు అత్తయ్యా, కలిపేశారు. గుండు పుల్లకి ఈ చివరొక గుండు, ఆ చివరొక గుండు ఉంటాయి కాబట్టి నాలుగు పుల్లలూ ఎనిమిదట. అలా 27 అయ్యాయి. ఇరవై ఎనిమిదోది ఎక్కడా అని అరగంట వెతికాను. నా చేతిలోనే ఉంది. పెట్టె! తమరు కూర్చున్న పల్లకీని కూడా పెళ్ళివారి లెక్కలో వేసేశారు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మా ఇంట్లో నలుగురం. కాళ్ళూ చేతులూ విడివిడిగా లెక్కేసి, ఇంటిని కూడా కలిపితే 17 మందిమి అవుతాం. రేషన్ కార్డులో అలాగే రాయించమని మా ఆయనకి చెప్పాను.

సరే, లెక్క పోనివ్వండి. కత్తి సంగతి మాట్లాడుకుందాం.

బుధవారం మా మేనకోడలి ఓణీల ఫంక్షన్. దానికి బరంపురం పట్టు తీశారు. ఆ అంచు మీరు చూసి ఉండరు, వరసగా గోపురాలు కట్టినట్టు కుంభాలు ఉంటాయి. "అత్తా, బుట్టల చుట్టూ అవే గోపురాలు రావాలి" అంది పిల్ల. ఎంతలో పని? ముద్దని పలచగా ఒత్తి, చిన్న చిన్న త్రికోణాలు కోసి, బుట్ట అంచుకి అతికించడమే. ఒక్కో బుట్టకి 16 గోపురాలు. జతకి 32. మీ ప్లాస్టిక్ పుల్లల్లో ఒకదాని మీద కత్తి అని రాసి ఉంది కదా అని ధైర్యంగా ఒప్పుకున్నాను.

మొదటి గోపురం ఒరిగిపోయింది. రెండోది సాగింది. మూడోది పునుగులా వచ్చింది. ఈ ఎండలకి ముద్ద మెత్తబడిందేమో అని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చాను. అప్పుడు ముద్ద గట్టిగానే ఉంది, కత్తి వంగింది. కత్తి వంగడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. లేత గులాబీ రంగు కత్తి, వాడి తోటకూర కాడలా, నా కళ్ళ ముందు వంగింది. కోసే చోట పదును ఉండాలి కదా, దానికి బియ్యపుగింజంత మందం ఉంది. అది కొయ్యదు, తోస్తుంది. తోస్తే కింది పొర పక్కకి పోతుంది, పై పొర లోపలికి పోతుంది, రెండు రంగులు కలిపి ఉంటే ఇక చూడక్కర్లేదు, మరకే. మూడు గంటల్లో 32 గోపురాలకి నాకు దక్కినవి నాలుగు. ఆ నాలుగూ నాలుగు సైజులు.

సరిగ్గా అప్పుడు పక్క వీధి తాతగారు వచ్చారు. పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే పని ఆయనది. మా ఊరి కొమ్ము బొమ్మల సంగతి తెలియనివాళ్ళుంటే తెలుసుకోండి, నేను ఉత్తరం రాసే పనిలో ఉన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, నా ముందు పరిచిన తమరి సంతతినంతా ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టారు. ఎనిమిది పుల్లలు, ఐదు పుల్లలు, నాలుగు పుల్లలు. అన్నీ అయ్యాక ఒక్క మాట అడిగారు.

"ఏటమ్మా, ఇన్నున్నాయి గానీ, కోసీదేది?"

తలెత్తి చూడలేకపోయాను. రంపం, ఆకురాయి, ఒక ఉలి, కాస్త నిప్పు ఉంటే కొమ్ముని కొంగని చేసే మనిషి ముందు, 28 పనిముట్లున్నదాన్ని, నాకు కొయ్యడానికి ఏమీ లేదు. లేచి వెళ్ళి మా ఆయన గడ్డం బ్లేడు తెచ్చాను. ఒక అంచుకి టేపు చుట్టి కోశాను. కసుక్కున తెగింది! అంచు అద్దంలా వచ్చింది. రెండు మూడు రూపాయల బ్లేడు. కాకపోతే అది పొట్టిది, పొడుగు పట్టీ కొయ్యాలంటే రెండు మూడు సార్లు జరపాలి, జరిపిన చోటల్లా గీత పడుతుంది. దీనికోసమే ఆరంగుళాల పొడుగున్న సన్నటి స్టీలు బ్లేడు ఉంటుంది, వంచితే వంగి మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. ఆస్పత్రి ల్యాబుల్లో శరీరంలోంచి తీసిన ముక్కని పలచగా కొయ్యడానికి వాడేది, అందుకే టిష్యూ బ్లేడు అంటారు. అది ఒక్కటి. నువ్వు పెట్టాల్సింది అది ఒక్కటి. 28 పెట్టావు, అది పెట్టలేదు!

అవును, నువ్వే. ఇక మీరూ తమరూ అనే ఓపిక నాకు లేదు.

నీ పెట్టె మీద బిగినర్ అని ఎందుకు రాశారో నిన్న నాకు అర్థమైంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం అని కాదు. ఏది కావాలో ఏది అక్కర్లేదో తెలియనివాళ్ళ కోసం అని. పని తెలిసినవాడు నిన్ను కొనడు. వాడు బ్లేడొకటి, సూదొకటి కొనుక్కుంటాడు. తెలియనిదాన్ని కాబట్టి నేను అంకె చూసి కొన్నాను. స్పాంజి ఎందుకు పెట్టావు? కుమ్మరి మట్టికైతే నీళ్ళు కావాలి, స్పాంజి కావాలి. ఇది పీవీసీ పొడిలో మెత్తబరిచే ద్రవం కలిపిన ముద్ద, ఇందులో నీళ్ళు కలవవు. ఆ తీగ చక్రం మీంచి కుండని కోసేది. మా ఇంట్లో చక్రం ఉందా? ఉంగరాలతో ఏ కుండ తొలవాలి? పేరేమో నగల కిట్, బుట్టకి కొక్కెం తగిలించే చిన్న రింగు విప్పడానికి ఒక్క ప్లయర్ లేదు. రింగుని పళ్ళతో విప్పమంటావా? రెండు నోస్ ప్లయర్లు ఉండాలి, రెండు చేతులా పట్టుకుని, చివరల్ని విడదీయకుండా పక్కకి తిప్పాలి, లాగితే గుండ్రం పోతుంది. ఇది నాకు చెప్పింది నువ్వు కాదు, పాతపట్నం ఫ్యాన్సీ షాపు అతను. అంటే పక్క రాష్ట్రం వెళ్ళి తెలుసుకున్నాను. (దూరమేమీ కాదులే, మాకు పక్క రాష్ట్రమంటే ఆటో దిగినంత. అయినా సరే.)

రోలరు గురించి ఒక్క ముక్కే. అచ్చులో పోసినప్పటి అతుకు గీత దాని ఒంటి నిండా ఉంది, ఒత్తిన ప్రతిసారీ నా ముద్ద మీద తన సంతకం పెట్టింది. నున్నటి గాజుసీసా ఒకటి కడిగి వాడుతున్నాను. బాత్‌రూములో మిగిలిన టైలు ముక్క మీద ఒత్తుతున్నాను. గోనెలు కుట్టే దబ్బనం తాతగారు ఇచ్చారు, బెజ్జాలకి అదే. ఈ మూడింటికీ నాకైన ఖర్చు సున్నా. అవి మళ్ళీ వంటింట్లోకి రాకూడదని మా అత్తగారు సీసాకి ఎర్రదారం కట్టారు, అది మాత్రం ఆవిడ తెలివే.

ఇక నీ ఇరవై ఎనిమిదోది, ఆ పల్లకీ. గళ్ళు గళ్ళుగా ఉంది, అద్దంలా మెరుస్తోంది, మిగిలిన రంగుల ముద్దలు ఇందులో దాచుకుందాం అని మురిసిపోయి రాత్రి పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి ముద్దా గడీ ఒకటైపోయాయి. ముద్దలోని ఆ మెత్తబరిచే ద్రవం గట్టి ప్లాస్టిక్కుల్లో కొన్నిటిని తినేస్తుంది. అడుగున త్రికోణంలో 5 అని ఉన్న డబ్బా అయితే ఫర్వాలేదు, 6 అయితే పనికిరాదు. నీ అడుగు తిప్పి చూశాను. ఎంతుందో నేను చెప్పను, నువ్వే చూసుకో. ముద్ద కోసం తయారైన కిట్, ముద్దని ఒక్క రాత్రి మోయలేదు! ఈ మాట పొద్దున్నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. పాలవాడికి కూడా చెప్పాను. పాపం, "ఓహో" అన్నాడు.

ఓవెన్‌ది నీ తప్పు కాదు, ఒప్పుకుంటాను. నా ముద్ద ప్యాకెట్ మీద 110 డిగ్రీలు, 30 నిమిషాలు అని ఉంది. నేను 110 దగ్గరే తిప్పాను. లోపల ఎంతుందో ఓవెన్‌కే తెలియదు. గులాబీ పూలు గోధుమరంగు పూలయ్యాయి. ఇంకా మాడితే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదని అత్తగారిని పెరట్లోకి పంపి, కిటికీలన్నీ తీసి, విసనకర్రతో విసిరాను. తరవాత ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు కొని చూస్తే 150 చూపించింది. అయితే ఒకటి. ఎనిమిది ప్లాస్టిక్ పుల్లలు తీసేసి ఆ థర్మామీటరు ఒకటి పెట్టి ఉంటే నీ సొమ్మేం పోయేది? సొమ్మే పోయేదిలే. పుల్లలు చవక. 28 అనే అంకె ఇంకా చవక.

నీతో వచ్చిన కాగితం గురించి రాయకూడదనుకున్నాను గానీ ఉండబట్టడం లేదు. "ప్రారంభికుల కొరకు మృత్తికా శిల్ప సాధనముల సముదాయము. తగు రీతిని వినియోగించిన తగు ఫలము నొసంగును." ఏ యంత్రం రాసిందో నాకు తెలియదు. కానీ ఆ కాగితం ఎక్కడికొచ్చిందో తెలుసా? గిడుగు రామమూర్తి పంతులు గారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊరికి. జనం మాట్లాడే తెలుగు రాయండర్రా అని జీవితమంతా మొత్తుకున్న మనిషి ఊరికి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి తెలుగు పండగ చేసుకునే ఊళ్ళో, ఓటీపీ ఒడియాలో చెప్పి, సాధనముల సముదాయము అందుకున్నాను. బ్లేడు లేదు అని మామూలు తెలుగులో రాసి ఉంటే పాలైనా మిగిలేవి.

ఇంత తిట్టాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. గుండు పుల్లల్లో అన్నిటికంటే సన్నది, ఒక చివర ఆవగింజంత, ఇంకో చివర మిరియంగింజంత గుండు ఉన్నది, అది మాత్రం బంగారం. రాత్రి బ్లేడుతో 32 గోపురాలూ కోసి అతికించాక, ఒక్కో గోపురం మొదట్లో దాంతో ఒక చుక్క ఒత్తాను. ముత్యం పొదిగినట్టు గుంట పడింది, ఆ గుంటలో చిన్న తెల్ల ముద్ద పెట్టి ఆవగింజ వైపుతో మళ్ళీ అద్దాను. తాతగారు దీపం దగ్గర పెట్టుకుని చూశారు. "ఇది బాగుంది" అన్నారు. బుట్ట గురించో పుల్ల గురించో నేను అడగలేదు. ఓవెన్‌లో థర్మామీటరు చూసుకుంటూ కాల్చాను, చల్లారాక 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లతో తడిపి తడిపి రుద్దాను. గోపురాలు నిలబడ్డాయి. బ్రష్ మా అత్తగారు కుట్టుమిషన్ దుమ్ము దులపడానికి తీసుకున్నారు, ఆవిడకీ పనికొచ్చింది. స్పాంజి మా ఆయన స్కూటరుకి.

కాబట్టి నిన్ను తిరిగి పంపడం లేదు. పంపే గడువు కూడా దాటిపోయిందనుకో, అది వేరే సంగతి.

ఇట్లు,
నాలుగు గోపురాలకి మూడు గంటలు పట్టిన
నీ బిగినర్

తా.క.: ఉత్తరం మడిచే ముందు చివరిసారి నిన్ను లెక్కపెట్టాను, నీ పద్ధతిలోనే. మిషన్ డబ్బాలో బ్రష్‌నీ, స్కూటరు డిక్కీలో స్పాంజినీ, ముద్ద తినేసిన పెట్టెనీ కలిపాను. 26 వచ్చింది. అంటే ఒక గుండు పుల్ల తక్కువ. మిగిలిన మూడూ వరసగా పెట్టి చూశాను. సన్నదే లేదు. మంచం కింద టార్చి వేసి వెతికాను, టైలు కింద చూశాను, చెత్తబుట్ట కూడా ఒంపాను. పొద్దున బుట్టలు తీసుకోవడానికి మేనకోడలు వచ్చి, "అత్తా, ఇదేంటి భలే ఉంది" అని ఏదో చేతిలో పట్టుకుని తిప్పినట్టు ఇప్పుడు గుర్తొస్తోంది. మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు.