తనికి మూడు నిమిషాలు

బెజవాడ సంగీత రసికులకు మనవి. గాత్ర విద్వాంసుల వారి ఓపికను మనం గుర్తించడం లేదు. వేదిక మీద ఆయన ఇంకో ముగ్గురిని భరిస్తున్నారు.

మొన్న గాంధీనగర్‌లో కచేరీ. ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ నిలువెత్తు. వయొలిన్, మృదంగం, ఘటం పేర్లు అడుగున, ఫ్లెక్సీ కొట్టిన షాపు ఫోన్ నంబరు పక్కన. నంబరు మాత్రం రోడ్డు అవతలికి కూడా కనబడింది.

ఏసీ చల్లదనానికి మృదంగం శ్రుతి తప్పింది. ఆ కుర్రాడు రాయితో అంచు మీద కొట్టి సరిచేసుకుంటుంటే వారు మైకులోనే, ‘ఇంకా ఎంతసేపు నాయనా?’ అన్నారు. అంతకు ముందు అరగంట ‘నా మైకు పెంచండి, మానిటర్లో వయొలిన్ తీసేయండి’ అంటూ గడిపింది ఎవరో అడక్కండి.

కల్యాణి రాగం ఎత్తుకున్నారు. తనివితీరా పాడారు. వయొలిన్ వంతు రాగానే ఫ్లాస్కు మూత తీశారు, శాలువా సర్దుకున్నారు, ముందు వరసలోని కార్పొరేటరు గారికి నమస్కారం పెట్టారు. వయొలిన్ ఇంకా తారషడ్జం, అంటే పై స్థాయి ‘స’, అందుకోకముందే కృతి మొదలెట్టేశారు. ఎంత చొరవ!

ఇక తని, అంటే మృదంగం, ఘటం మాత్రమే వాయించే వంతు. మూడు వేళ్ళు చూపించారు. మూడు ఆవర్తనాలేమో, అంటే మూడు తాళం చుట్లేమో అనుకున్నాను. కాదట, మూడు నిమిషాలట. వాళ్ళిద్దరూ ఆ కాస్తలోనే వాయిస్తుంటే, తాళం వేయాల్సిన చెయ్యి ఫోన్లో వాట్సాప్ తిప్పుతోంది. తాళం తప్పింది. తప్పాక ఆయన చూసింది మృదంగం వైపు, కోపంగా!

సిగ్గుండాలి. ‘త ధి తొం నం’ అనే మృదంగం తొలి పాఠం దగ్గర మొదలెట్టి ఏళ్ళ తరబడి వేళ్ళు కాయలు కాయించుకున్నవాడు, గుంటూరు నుంచి బస్సులో మృదంగం ఒళ్ళో పెట్టుకుని వచ్చినవాడు, ముక్తాయింపు, ఆ చివరి ముగింపు జతులు కూడా ముగించనివ్వరా? బాలమురళీకృష్ణ గారు గాత్రంతో ఆగకుండా వయోలా, మృదంగం, కంజిర కూడా వాయించారు. ఆయనా, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారూ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులే. రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ పేరు ఫ్లెక్సీలో ఏ సైజులో వేయాలో మా గాత్ర విద్వాంసుల వారినే అడగాలి.

చివర్లో వారు ‘సంగీతమంటే సమష్టి కృషి’ అని తని కన్నా ఎక్కువసేపు మాట్లాడారు. మృదంగం కుర్రాడి పేరు తప్పు చెప్పారు. కార్యదర్శి శాలువాల సంచి వెతికి, ‘రెండే మిగిలాయండీ, మీ ముగ్గురూ కాస్త సర్దుకోండి’ అన్నాడు.